గాలిని మరిదీ అని పిలిచిన పద్యం

నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. నిజమే. ముప్పై ఒక్క ఏళ్లు కాలేజీలో ప్రపంచ కవిత్వ చరిత్ర చెప్పినదాన్ని. ఒక పద్యం ఏ కాలానిదో, ఎవరి నోట పుట్టిందో తప్పుగా చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒంటె నడకకు పుట్టిన పాటను పట్టుకొచ్చి పడవ పాట అంటే ఊరుకోమంటారా? నేను ఎప్పుడూ ఊరుకోలేదు. అందుకే నేను రిటైరై మూడేళ్లయినా ఆ మంగళవారం మధ్యాహ్నం విచారణాధికారి ఏరికోరి నన్నే పిలిపించాడు.

కార్యాలయం మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు పనిచేయడం లేదు. రొప్పుకుంటూ పైకి చేరేసరికి వరండాలో బల్ల మీద కూర్చున్న ఒకావిడ గబుక్కున లేచి నా చెయ్యి పట్టుకుంది. నలభై ఏళ్లుంటాయి. జాకెట్టు అంచుకు రెండు గుండుసూదులు గుచ్చుకుని ఉన్నాయి. కుట్టుపని మధ్యలో లేచి వచ్చినట్టుంది.

"మేడమ్, నేను వాడి అక్కని. వాణ్ణి మీ కాలేజీలో చేర్చడానికి నేనే తీసుకొచ్చాను."

"ఎవరి అక్కవమ్మా?"

"మీరు గునపం అనేవారు కదా, వాడికి."

గుర్తొచ్చాడు. ఆ పేరు పెట్టింది నేనే. ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టి నీళ్లు పడేదాకా తవ్వేవాడు. గంట కొట్టినా వదిలేవాడు కాదు. ఇప్పుడు ఏదో చిన్న బడిలో పంతులుగా ఉన్నాడట.

"తొమ్మిది రోజులైంది మేడమ్ లోపల పెట్టి. ఆ పద్యం పాతదని మీరు ఒక్క ముక్క రాస్తే వదిలేస్తారంట. వాడే రాశాడని తేలితే మూడేళ్లంట."

"ఎవరు రాశారు దాన్ని?"

ఆవిడ నేల చూపులు చూసింది. "కాగితం కింద రాసుంది కదా మేడమ్. అదే నిజం."

"నా దగ్గర అబద్ధాలు చెప్పకు."

"మరి లోపల చెప్పొచ్చా మేడమ్?" అంది.

చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్లాను.

విచారణాధికారి నా కొడుకు వయసువాడు. మర్యాదగా లేచి కుర్చీ చూపించాడు. పెన్సిల్ చెక్కుతూ, ఆ పొట్టు బల్ల మీద పడకుండా ఒక కాగితంలో పోగుచేస్తున్నాడు. అంత శుభ్రమైన మనిషి ఏదీ వదిలిపెట్టడని నాకు అప్పుడే అనిపించింది. అతని ముందు రెండు ఫైళ్లు, ఒక టెలిఫోను, పాత పత్రిక ఒకటి ఉన్నాయి. ఆ పత్రికను అట్ట చూడగానే గుర్తుపట్టాను.

"మీరు అబద్ధపు పద్యాన్ని పట్టుకున్న వ్యాసం చదివాను మేడమ్. ఏడు పేజీల్లో మనిషిని ఉతికి ఆరేశారు. మీరు పాతది అంటే పాతదే, కొత్తది అంటే కొత్తదే. పైవాళ్లకు కూడా అదే చెప్పాను."

ఆ ఉతికి ఆరేసిన మనిషి మా పొడుగు మాస్టారు. పక్క గదిలో పాఠం చెప్పేవాడు. అడవి జనం పద్యం దొరికిందని ఒకటి అచ్చువేయించాడు. అది అతని సొంత రాతేనని నేను రుజువు చేశాను. ఉద్యోగం వదిలేసి వెళ్లిపోయాడు. పదకొండేళ్లుగా మాకు మాటల్లేవు.

అధికారి కరపత్రాన్ని నా ముందుకు జరిపాడు. దాని కథ పేపర్లలో చదివిందే. గోదాము గోడ కూలి ఏడుగురు కూలీలు చనిపోయారు. మూడో నాడు గోదాము గేటుకు ఈ కాగితం అతికించి ఉంది. సాయంత్రానికల్లా అందరి నోటా అదే పాట. మర్నాటి నుంచి పని ఆగిపోయింది. గోడ కట్టించినవాడు పలుకుబడి ఉన్నవాడు. అతికిస్తూ దొరికినవాడు మా గునపం.

"పాత పద్యం అతికిస్తే మందలించి పంపేస్తాం. సొంతంగా రాసి రెచ్చగొడితే మూడేళ్లు. అయిదింటికల్లా మీ ధ్రువపత్రం పైకి వెళ్లాలి," అన్నాడు. గోడ గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది.

కళ్లజోడు సర్దుకుని చదివాను.

గాలీ, ఓ చిన్న మరిదీ,
మీ అన్న చెప్పులు వాకిట్లోనే ఉన్నాయి,
చెప్పులు లేకుండా ఎక్కడికి తీసుకుపోయారో అడిగి రా.
గోడ కట్టినవాణ్ణి అడుగు.
గోడ కింద పడుకున్న మీ అన్నను లేపకు.
పొద్దున్నే లేవడం ఆయనకు బతుకంతా ఉన్న పనే,
ఇవాళైనా పడుకోనీ.

కింద చిన్న అక్షరాల్లో ఉంది: ఉప్పు మడుల జనం విలాప గీతం, ఎనిమిది వందల ఏళ్ల నాటిది, అనువాదం.

మొదటి పాదం దగ్గరే నాకు తెలిసిపోయింది. అది పాతది కాదు. ఎవరు రాశారో కూడా తెలిసిపోయింది.

ఎలా తెలిసిందో చెప్పాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. లోకంలో ఏ జనమైనా తమను ఏడిపించేవాటికీ ఆదుకునేవాటికీ వరసలు కలిపి పిలుచుకుంటారు. మంచు కొండల వాళ్లు మంచును మేనత్త అంటారు. చల్లని చెయ్యి, అడ్డూ అదుపూ లేని పెత్తనం. నది మీద పడవ నడిపేవాళ్ల ఆడవాళ్లు గాలిని మరిది అంటారు. కసురుకోవచ్చు, బతిమాలవచ్చు, మొగుడి మీద ఫిర్యాదు చేయవచ్చు. ఉప్పు మడుల వాళ్లకు వానే శత్రువు. అది రాగానే ఆరబెట్టిన ఉప్పంతా కరిగిపోతుంది. అందుకని దాన్ని సవతి అంటారు. ఇలాంటివన్నీ నేను చీటీల మీద రాసి సొరుగులో పెట్టుకునేదాన్ని. పదమూడేళ్ల కిందట ఒక ఏడాది రెండు చీటీలు తారుమారయ్యాయి. ఉప్పు మడుల విధవరాలు గాలిని మరిదీ అని పిలిచి ఏడుస్తుందని ఆ ఏడాదంతా చెప్పాను. ఎంత బాగా చెప్పానంటే, వెనక బల్లల వాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారు.

ఏడాది చివర పొడుగు మాస్టారు స్టాఫ్ రూములో నా ముందు ఆ చీటీ పెట్టి, ఒక్క మాటైనా అనకుండా వెళ్లిపోయాడు. అతను ఏమైనా అని ఉంటే బాగుండేది. ఆ మౌనం నాకు కారం రాసినట్టయింది. తర్వాతి ఏడాది పాఠం సరిదిద్దుకున్నాను. పుస్తకంలోనూ సరిగానే వేశాను. వెళ్లిపోయిన పిల్లలకు మాత్రం చెప్పలేదు. తలా ఒక ఉత్తరం ముక్క రాస్తే సరిపోయేది. చిన్నతనమనిపించింది. రెండేళ్ల తర్వాత మాస్టారి అడవి పద్యం దొరికినప్పుడు నేను ఏడు పేజీలు రాశానంటే, అందులో మూడు పేజీలు ఆ చీటీకి బదులు తీర్చుకోవడానికే.

గునపం ఆ ఏడాది పిల్లవాడు. ఎనిమిది వందల ఏళ్ల నాటి ఏ విధవరాలూ ఈ తప్పు చేయలేదు. ఆ ఏడాది నా ముందు బల్లల మీద కూర్చున్నవాడే చేయగలడు.

"ఏమంటారు మేడమ్?" అన్నాడు అధికారి.

"నాకు టైమివ్వండి. ఇదేమన్నా బజార్లో కూరగాయా, చూడగానే చెప్పడానికి?" అని కసిరాను. కోపం కొన్నిసార్లు పనికొస్తుంది. వణుకు కనిపించదు.

అతను తొందరపడలేదు. పెన్సిల్ పట్టుకుని ఒక్కో పాదం కింద గీత గీస్తూ అడిగాడు. "ఎనిమిది వందల ఏళ్ల కిందట ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్లకు చెప్పులుంటాయా?"

"ఉప్పులో దిగేవాడికి చెప్పులు రాజు గారి కిరీటం కంటే ముందు పుట్టాయి బాబూ. ఒట్టి కాళ్లతో దిగి చూడండి, మీకే తెలుస్తుంది."

"గోడ కట్టినవాణ్ణి అడుగు అని ఉంది. ఇది మన గోదాము సంగతిలా లేదూ?"

"ఏ భాషలోనైనా ఏడుపు పాటలో సగం నిందే ఉంటుంది. దేవుణ్ణో, రాజునో, వైద్యుణ్ణో, ఎవరో ఒకర్ని తిట్టని విలాపం నేను చదవలేదు. ఉప్పు నిలవచేసే చోట గోడలుంటాయి. గోడలున్న చోట కూలుతాయి."

ఇంతవరకూ నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. పాము చావకుండా కర్ర విరగకుండా అయిదింటి దాకా నెట్టుకురావచ్చేమో అనుకున్నాను. అప్పుడు అతను మొదటి పాదం కింద గీత గీశాడు.

"గాలిని మరిది అనడం?"

మంచినీళ్ల గ్లాసు మీద మూత తీసి రెండు గుక్కలు తాగాను. తలుపు అవతల ఆ అక్క నిలబడి ఉంది. గాజు పలకలో ఆవిడ నీడ కనిపిస్తోంది.

"అది ఉప్పు మడుల వాళ్ల ఆచారం," అన్నాను.

అరవై ఒక్క ఏళ్ల జీవితంలో పద్యం విషయంలో నేనాడిన మొదటి అబద్ధం అది. ఆకాశం విరిగి మీద పడలేదు. అధికారి కింది ఫైలు పక్కకు జరిపి, దాని కింద నుంచి నా పుస్తకం తీశాడు. నా సొంత పుస్తకం, ఆరు వందల పేజీలది. అందులో ఎర్ర కాగితం పెట్టిన చోట తెరిచి నా వైపు తిప్పాడు.

"మీరే రాశారు కదా మేడమ్. ఉప్పు మడుల వాళ్లు వానను సవతి అంటారు. గాలిని మరిది అనేది పడవల వాళ్లు."

అతను ముందే చదివి పెట్టుకున్నాడు. పద్యాన్ని పరీక్షించడానికి కాదు, నన్ను పరీక్షించడానికి పిలిచాడు. ఇప్పుడు నాకు రెండే దారులు. ఔను, మరిచిపోయాను, ఇది కొత్త పద్యమే అంటే నా పుస్తకం నిలబడుతుంది, వాడు మూడేళ్లు జైలుకు పోతాడు. లేదంటే...

"ఆ పేజీలో తప్పుంది," అన్నాను.

"మీ పుస్తకంలో తప్పా?"

"ఏం, నేను మనిషిని కాదా? చీటీలు తారుమారయ్యాయి. అంతకుముందు క్లాసులో చెప్పిందే సరైనది. అచ్చులో పొరపాటు పడింది. సిగ్గుపడి దిద్దలేదు."

చెబుతుంటే నా గొంతు నాకే విచిత్రంగా వినిపించింది. చీటీల మాట నిజం, సిగ్గు మాట నిజం. అటుది ఇటు, ఇటుది అటు అయ్యాయంతే. నా పేరు చెబితేనే కుర్రాళ్లు లేచి నిలబడే రోజులు చూసినదాన్ని, నా పుస్తకాన్ని నా చేతులతోనే చెత్తబుట్టలో వేస్తున్నాను. ఏడుపొచ్చింది. మింగేశాను.

"ఆ ఏడాది మీ పాఠం విన్నవాళ్లు ఎవరైనా చెప్పగలరా? విద్యార్థులు వద్దు. తోటి మాస్టార్లు?" అంటూనే అతను పత్రిక తిరగేశాడు. "ఈయన పక్క గదిలోనే కదా ఉండేవారు? నంబరు నా దగ్గరుంది. మీ మీద జాలి చూపించే మనిషి కాదు కాబట్టి ఆయన మాట నమ్మొచ్చు."

వద్దనడానికి నోరు తెరిచేలోపే నంబరు నొక్కి స్పీకరు పెట్టాడు. అవతల మోగుతోంది. నాలుగు, అయిదు, ఆరు. ఎత్తకపోతే బాగుండు అని కొలవని దేవుడికి కూడా మొక్కుకున్నాను. ఎత్తాడు.

అధికారి తానెవరో చెప్పాడు. పద్యం మొత్తం చదివి వినిపించాడు. గాలి మరిది సంగతి, నేను చెప్పింది, నా పుస్తకంలో ఉన్నది, అన్నీ వివరంగా చెప్పాడు. అవతల ఎక్కడో కుళాయి కారుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

"పద్యం ఇంకోసారి చదవండి," అన్నాడు పొడుగు మాస్టారు. గొంతు ముసలిదైపోయింది.

అధికారి మళ్లీ చదివాడు. "ఇవాళైనా పడుకోనీ" అన్న చోట అవతల ఊపిరి ఆగినట్టు వినిపించింది. మాస్టారికీ తెలిసిపోయింది. అతనికి తెలియకపోవడమేమిటి, ఆ చీటీ నా ముందు పెట్టింది అతనే.

"తన పుస్తకంలో తప్పుందని ఆవిడే అందా?"

"ఆవిడే అన్నారు."

"తన నోటితోనే?"

"అవునండీ. ఇక్కడే ఉన్నారు."

మళ్లీ కుళాయి చప్పుడు. పదకొండేళ్ల పగ తీర్చుకోవడానికి ఒక్క మాట చాలు అతనికి. నేను అతని స్థానంలో ఉంటే ఆ మాట అనేదాన్నే.

"అయితే రాసుకోండి. గాలి మరిది ఉప్పు మడుల వాళ్లదే. ఆ ఏడాది గోడ అవతల నుంచి నేనూ ఆ పాఠం విన్నాను. ఇది పాత పద్యమే." ఒక్క క్షణం ఆగి, "నేను రాసినదాని కంటే చాలా బాగుంది," అని ఫోను పెట్టేశాడు.

అధికారి పెన్సిల్ కింద పెట్టాడు. సొరుగు లాగి అచ్చు ఫారం తీసి నా ముందు పెట్టాడు. రచన స్వభావం, భాష, కాలం. ఒక్కొక్కటీ నింపుతూ వెళ్లాను. చెయ్యి చకచకా నడిచింది. చివర ఒక గడి దగ్గర ఆగిపోయింది. కవి పేరు.

"తెలియకపోతే తెలియదని రాయండి మేడమ్. పాతవాటికి మామూలే కదా," అన్నాడు.

నా పుస్తకంలో రెండు వందలకు పైగా పద్యాల కింద ఆ మాటే ఉంటుంది. వరదలో కొట్టుకుపోయాయి, చెదలు తినేశాయి, మంటల్లో కాలిపోయాయి, అందుకే పేర్లు దక్కలేదని పిల్లలకు చెప్పేదాన్ని. ఇలా ఒక గదిలో, పగటి వెలుతురులో, ఆ మనిషి మేలు కోరినవాళ్లే కలం పట్టుకుని పేరు కొట్టేసి ఉంటారని ఒక్కనాడూ తోచలేదు. ఆ రెండు వందల మందిలో ఎంతమందికి ఇలా జరిగిందో. తెలియదు అని రాశాను. సంతకం పెట్టాను.

గునపాన్ని తీసుకొచ్చారు. గడ్డం మాసి, చొక్కా పైగుండీ ఊడిపోయి, సగమయ్యాడు. నన్ను చూసి చేతులు జోడించాడు. పద్యం తనది కాదని సంతకం పెట్టమని అధికారి కాగితం ఇచ్చాడు. వాడు దాన్ని పక్కన పెట్టి ముందు నా ధ్రువపత్రం అందుకుని నింపాదిగా చదవసాగాడు. చదువుతూ చదువుతూ కనుబొమలు ముడిచాడు.

"మేడమ్, కానీ మీ పుస్తకంలో గాలి మరిది..."

వీడికీ తెలుసు! తర్వాత పుస్తకం చదివి ఉంటాడు. తప్పని తెలిసే, నేను చెప్పిన పాఠం మీద ఇష్టంతో అలాగే వాడుకున్నాడు. ఇప్పుడు తన మెడకు తనే ఉరి బిగించుకోబోతున్నాడు.

"నోర్ముయ్!" అని బల్ల మీద కొట్టాను. గ్లాసు మూత ఎగిరి కింద పడింది. "ఇక్కడ కూడా గునపం వేస్తావా? నేను చెప్పేటప్పుడు మధ్యలో మాట్లాడొద్దని ఎన్నిసార్లు చెప్పాను? సంతకం పెట్టు!"

అధికారి మొదటిసారి నవ్వాడు. వాడు తల వంచుకుని కలం తీసుకున్నాడు. నిబ్బు కాగితానికి ఆనించి చాలాసేపు అలాగే ఉన్నాడు. తలుపు అవతల గాజు పలకలో నీడ కదల్లేదు. చివరికి పెట్టాడు.

"ఈ కాగితం మా దగ్గరే ఉంటుంది," అన్నాడు అధికారి ఫైలు కట్టేస్తూ. "ఇదే ధోరణిలో ఇంకో పద్యం ఎక్కడైనా కనిపిస్తే, పాతదో కొత్తదో చెప్పడానికి మళ్లీ మేడమ్‌నే పిలుస్తాం. మీ పుస్తకం తర్వాతి ముద్రణలో ఇది వేస్తారుగా మేడమ్?"

"వేస్తాను," అన్నాను.

గేటు దగ్గర విడుదల చీటీ చూపించడానికి ఒక బంట్రోతును తోడిచ్చారు. అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుని, వదిలితే మళ్లీ లాక్కుపోతారన్నట్టు గట్టిగా అదిమి పట్టుకుని మెట్లు దిగుతోంది. నేను వెనకగా ఒక్కో మెట్టూ దిగుతున్నాను. రెండో అంతస్తు మలుపులో వాడు ఆగి నా కోసం చూశాడు.

"మేడమ్, ఒక్కటి అడగనా?"

"మళ్లీ ఏంటి?"

"ఆ పద్యం... బాగుందా?"

కాలేజీలో ఎప్పుడూ ఇలా అడిగేవాడు కాదు. ఎన్ని భాషల పద్యాలు చదివానో నాకే లెక్క తెలియదు. పొద్దున్నే లేవడం బతుకంతా ఉన్న పనే అన్న పాదం దగ్గర నేను ఎలా ఆగిపోయానో, దాన్ని నా పుస్తకంలో ఎవరి పక్కన పెట్టాలో, నా దగ్గర చదువుకున్నవాళ్లలో ఒక్కడైనా ఇలా రాస్తాడా అని ముప్పై ఏళ్లు ఎలా ఎదురుచూశానో, అంతా నాలుక చివరిదాకా వచ్చింది. రెండు మెట్లు కింద ఉన్న బంట్రోతు ఆగి, వెనక్కి తిరిగి, నేనేమంటానా అని నా మొహంలోకి చూస్తున్నాడు.

"పాతకాలం వాళ్లు బాగానే రాసేవారు నాయనా," అన్నాను.

వాడు బంట్రోతును చూశాడు, నన్ను చూశాడు.

"అవును మేడమ్. బాగానే రాసేవారు," అని, అక్క వెంట మెట్లు దిగి వెళ్లిపోయాడు.